పది గొర్లకు కరెంటు కంచె: మన చెలకల్లో అసలు పని ఎర్త్ దగ్గరే



"నాకు పది గొర్లున్నయి. బత్తాయి తోటలనే మేపుకుందామనుకుంటున్న. కాపరిని పెట్టే స్తోమత లేదు. కరెంటు కంచె పెడితే ఆగుతయా అన్నా?" ఈ మధ్య ఫోన్ చేసే రైతులు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. ఆగుతాయి. నా దగ్గర పది గొర్రెలు, ఒక పొట్టేలు నాలుగెకరాల తోటలో పగలంతా ఆ కంచె లోపలే తిరుగుతున్నాయి. కాకపోతే న్యూజిలాండ్ వాళ్లో ఇంగ్లండ్ వాళ్లో చెప్పిన పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి దేవరకొండ చెలకలో పెడితే, వానాకాలం బాగానే పనిచేస్తది, మార్చి వచ్చేసరికి గొర్రె దాన్ని లెక్కచేయడం మానేస్తది. ఎందుకు అట్లయితది, దానికి మనం ఏం మార్చుకోవాలి అన్నదే ఈ వ్యాసం. బిగించే పని పై వీడియోలో చూపించాను. కారణాలు ఇక్కడ రాస్తున్నాను.

మోటారు స్టార్టరు తీగ వేరు, ఇది వేరు

కరెంటు కంచె అనగానే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది అడవి పందుల కోసం స్టార్టరు డబ్బా నుంచి లాగిన బైండింగ్ వైరు. రాత్రి మోటారు వేయడానికి పోయిన రైతు పక్క చేను తీగ తగిలి చనిపోయాడన్న వార్త పేపర్లో చదువుతూనే ఉన్నాం. తీగ పెట్టినాయనే దానికి తగిలి పోయిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

మెయిన్ లైనులో 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతూ ఉంటుంది. చెయ్యి తగిలితే కండరాలు బిగుసుకుంటాయి, తీగను వదిలేద్దామన్నా చేతకాదు, గుండె లయ తప్పుతుంది. కంచె కోసం తయారైన ఎనర్జైజర్, మన షాపుల భాషలో ఝట్కా మెషిన్, అట్లా పనిచేయదు. వోల్టేజి ఐదారు వేలు ఉంటుంది కానీ దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. తర్వాత కనీసం ఒక సెకను ఖాళీ. ఆ ఖాళీలో జంతువైనా మనిషైనా వెనక్కి జరుగుతారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-2-76 ప్రకారం ఒక్కో దెబ్బలో శక్తి 5 జౌళ్లు దాటకూడదు. మన దేశంలో దీనికి సమానమైనది ఐఎస్ 302-2-76. మెషిన్ కొనేటప్పుడు ఈ ప్రమాణం రాసి ఉందా చూడండి. అమ్మేవాళ్లు "12 వేల వోల్టులన్నా, 15 వేల వోల్టులన్నా" అని ఊరిస్తారు. వోల్టులు కాదు, జౌళ్లు ఎన్ని అని అడగండి. సమాధానం రాకపోతే ఆ షాపు నుంచి లేచి రావడమే మంచిది.

ఊర్లో ఎవరో కాయిల్ చుట్టి, చోక్ పెట్టి చేసిచ్చే డబ్బాలు కూడా వద్దు. అందులో ఒక భాగం కాలితే మెయిన్ కరెంటు నేరుగా తీగలోకి వస్తుంది. లైను నుంచి కంచెకు తీగ లాగడం విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 135 కింద కరెంటు దొంగతనం. అడవి జంతువు చనిపోతే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, మనిషి పోతే క్రిమినల్ కేసు. కేసుల సంగతి తర్వాత, గెట్టు పక్క రైతు పిల్లల ముఖం మళ్లీ ఎట్లా చూస్తాం?

పది జీవాలకే ఈ కంచె ఎందుకు

గొల్ల కురుమలకు వందల మందలున్నాయి, వాళ్లకు ఈ కంచె అవసరం లేదు, వాళ్ల నడకే వాళ్ల కంచె. 2017 జూన్‌లో మొదలైన పంపిణీ పథకంలో కూడా ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. ఆ లెక్కకు ఇంట్లో ఒక మనిషి వెంట తిరగక తప్పదు. మనలాంటి ప్రకృతి వ్యవసాయం రైతు పెంచేది తోటలో గడ్డి తినడానికి, ఎరువు కోసం, కొంచెం పండుగ ఆదాయం కోసం. పది జీవాల వెనుక రోజంతా ఒక మనిషిని నిలబెడితే ఆ ఆదాయం కూలికే సరిపోదు. వదిలేస్తే పక్కాయన పత్తిలో పడతాయి. వెనుకట బందెల దొడ్డి ఉండేది, జుర్మానా కట్టి విడిపించుకునేవాళ్లు. ఇప్పుడు నేరుగా గెట్టు పంచాయితీయే.

పంచాయితీ కన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. పక్క చేనులో నిన్ననే మందు కొట్టిన పత్తి ఆకు తింటే గొర్రె చనిపోతుంది. వాన తప్పి వాడిపోయిన లేత జొన్న తిన్నా, కోసిన మోడు నుంచి వచ్చిన జొన్న పిలకలు తిన్నా నాము తగిలి గంటల్లో పడిపోతుంది. మన చేను ఎంత శుద్ధంగా ఉన్నా గెట్టు అవతల మన చేతిలో లేదు. నాకైతే కంచె పక్కవాళ్ల పంటను కాపాడడం కన్నా నా జీవాలను కాపాడడానికే ఎక్కువ పనికొస్తున్నది.

గొర్రెకు దెబ్బ ఎట్లా తగులుతుంది

మెషిన్‌కు రెండు తీగలుంటాయి. ఒకటి కంచెకు, ఒకటి నేలలో పాతిన ఎర్త్ కడ్డీలకు. గొర్రె ముక్కు తీగకు తాకినప్పుడు దెబ్బ ముక్కులోంచి ఒళ్లు దాటి, గిట్టల్లోంచి నేలలోకి దిగి, నేలలో ప్రయాణం చేసి ఎర్త్ కడ్డీల ద్వారా మెషిన్‌కు తిరిగి చేరాలి. అంటే సగం దారి తీగ, సగం దారి మన మట్టి. ఆ రెండో సగం తెగితే మెషిన్ ఎంత గొప్పదైనా గొర్రెకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

1930ల్లో న్యూజిలాండ్‌లో బిల్ గల్లఘర్ ఈ కంచెలను తయారుచేయడం మొదలుపెట్టిన చోట నేల ఏడాదిలో ఎక్కువ రోజులు పచ్చిగా ఉంటుంది. మనకు ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే అయిపోతుంది. ఎర్ర చెలకలో ఫిబ్రవరికే పై అడుగు మట్టి పొడి. కింద మొరం, దాని కింద రాయి. పొడి మట్టి కరెంటును సరిగా మోయదు. గొర్రె గిట్ట కూడా ఎండలో గట్టిపడి ఉంటుంది. అందుకే వానాకాలంలో ఎగిరిపడ్డ గొర్రె ఎండాకాలంలో తీగను మెడతో తోసుకుంటూ పోతుంది. నల్లరేగడి ఉన్నవాళ్లకు ఈ బాధ కొంచెం తక్కువ. కానీ ఎండకు నేల పగుళ్లిచ్చినప్పుడు కడ్డీ చుట్టూ సందు పడుతుంది, అక్కడా చూసుకోవాలి.

దీనికి మందు నేలను నమ్ముకోకపోవడమే. తిరుగుదారిని కూడా తీగగా కంచెలోనే పెట్టేయాలి. నేను నాలుగు తీగలు కట్టిన. కింది నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో మొదటిది ఎర్త్ తీగ, 35 దగ్గర కరెంటు తీగ, 60 దగ్గర మళ్లీ ఎర్త్, 90 దగ్గర మళ్లీ కరెంటు. గొర్రె తల దూర్చితే రెండు రకాల తీగలూ ఒంటికి తగులుతాయి, నేల ఎండినా పచ్చిగున్నా దెబ్బ ఒకటే. ఎర్త్ తీగలను కడ్డీలకు కూడా కలపాలి, అప్పుడు వానాకాలం నేల ద్వారా, ఎండాకాలం తీగ ద్వారా రెండు విధాలా పనిచేస్తుంది. కింది తీగలో కరెంటు లేకపోవడం వల్ల ఇంకో లాభం ఉంది: గడ్డి పెరిగి దానికి తాకినా వోల్టేజి పడిపోదు, ఉడుములూ తాబేళ్లూ కింది నుంచి దాటేటప్పుడు చావవు. తీగలకు అడుగున పాకుతూ దెబ్బ తగలగానే ముడుచుకుని అక్కడే ఉండిపోయే జీవికి సెకనుకొక దెబ్బ పడుతూనే ఉంటుంది. ఉడుము వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు.

లెక్క వేసుకోవడానికి: చదరంగా ఉన్న ఒక ఎకరం చుట్టుకొలత సుమారు 255 మీటర్లు. నాలుగు తీగలంటే 1,020 మీటర్లు. రెండున్నర మిల్లీమీటర్ల జీఐ తీగ అయితే అది దాదాపు 40 కిలోలు. మీ ఊరి షాపులో కిలో ధర అడిగి గుణించుకోండి. మూలలకు మన రాతి కడీలు బ్రహ్మాండంగా సరిపోతాయి, మధ్యలో వెదురో ఫైబరు కర్రలో చాలు. కరెంటు తీగ ఎక్కడా కడీకి గానీ కర్రకు గానీ నేరుగా తగలకూడదు, ఇన్సులేటర్ మీదనే పోవాలి. సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టే అలవాటు ఉంది మనవాళ్లకు. నాలుగు నెలల ఎండకు అవి పగిలిపోతాయి, తర్వాత ఎక్కడ లీకవుతున్నదో వెతుక్కుంటూ తిరగాలి.

ఇప్పటికే కడీలు, ముళ్ల తీగ ఉన్నవాళ్లు దాన్ని తీసేయనక్కర్లేదు. కానీ ముళ్ల తీగకు మాత్రం కరెంటు ఇవ్వొద్దు. ముళ్లకు బట్టో చర్మమో చిక్కుకుంటే మనిషి వెనక్కి రాలేడు, అందుకే ప్రమాణాల్లోనే దీన్ని నిషేధించారు. ముళ్ల తీగ లోపలి వైపు జానెడు దూరంలో వేరే సాదా తీగ నడిపించండి.

ఎర్త్ కడ్డీలు

పుస్తకంలో ఆరడుగుల జీఐ కడ్డీలు మూడు, ఒక్కోదానికి పదడుగుల దూరం అని ఉంటుంది. మన దగ్గర రెండడుగులకే గడ్డపార ఖంగుమంటుంది. అప్పుడు కడ్డీని వంకరగానో, రెండడుగుల లోతు కందకంలో అడ్డంగానో పరవండి, మూడుకు బదులు ఐదారు పెట్టండి. చోటు ముఖ్యం. గొర్రెలు నీళ్లు తాగే తొట్టి పక్కన, ట్యాంకు పొర్లే చోట పాతితే ఏడాదంతా పచ్చి ఉంటుంది. బోరు మోటారు ఎర్త్‌కు, ఇంటి ఎర్త్‌కు కనీసం 10 మీటర్లు దూరం ఉండాలి, వాటిని కలపనే కలపొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ గుంతలో వేసినట్టు ఉప్పు, బొగ్గు వేయమంటారు కొందరు. బొగ్గు వేసుకోండి. ఉప్పు వద్దనేది నా మాట, కడ్డీ తుప్పు పడుతుంది, చుట్టూ మట్టి చెడుతుంది, అదే మట్టిని బాగు చేయడానికి కదా మనం జీవామృతం పోస్తున్నది. ఎండాకాలం వారానికి నాలుగు బిందెల నీళ్లు పోస్తే చాలు. జీఐ కడ్డీకి రాగి తీగ కట్టొద్దు, కలిసిన చోట తొందరగా తినేస్తుంది.

ఎర్త్ సరిపోయిందా లేదా అన్నది ఊహించనక్కర్లేదు. మెషిన్ ఆపి, వంద మీటర్ల దూరంలో రెండు మూడు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి వాటిని కరెంటు తీగకు ఆనించండి. మళ్లీ మెషిన్ ఆన్ చేసి కంచె మీటరుతో చూస్తే తీగలో వోల్టేజి 2,000 లోపుకు పడిపోవాలి, పడకపోతే ఇంకో కడ్డీ ఆనించండి. ఇప్పుడు చివరి ఎర్త్ కడ్డీ మీద మీటరు పెట్టి, మీటరు రెండో కొసను ఒక మీటరు దూరంలో వేరే చిన్న కడ్డీకి పెట్టి కొలవండి. 300 వోల్టులు దాటితే ఎర్త్ చాలదని అర్థం, కడ్డీలు పెంచండి. ఈ పరీక్ష ఏప్రిల్‌లో చేయండి. ఆగస్టులో చేస్తే అందరూ పాసే.

వల మంచిదా, తీగ మంచిదా

కరెంటు వలలు 50 మీటర్ల చుట్టలుగా వస్తాయి, పుల్లలు వాటికే ఉంటాయి. రెండు వలలతో చదరంగా వేస్తే 25 మీటర్ల పక్క, అంటే సుమారు 6 గుంటలు. నాలుగు వేస్తే 25 గుంటల దాకా వస్తుంది. ఒక మనిషి అరగంటలో మార్చేయొచ్చు. కుక్కలను ఆపడంలో తీగ కన్నా వలే మేలు. గొర్రెలకు తోడేళ్ల కన్నా ఊరకుక్కల బెడద ఎక్కువైన రోజులివి. వాటిని చంపడం నేరం, విషం పెడితే మన కుక్కే ముందు తింటది. ముక్కుతో వాసన చూడబోయి ఒకసారి దెబ్బ తిన్న కుక్క మళ్లీ ఆ పక్కకు రావడం నేనైతే చూడలేదు.

వలతో చిక్కు కొమ్ములు. నెల్లూరు జాతిలోనూ దక్కనీలోనూ ఆడ గొర్రెలకు సాధారణంగా కొమ్ములుండవు, పొట్టేళ్లకు ఉంటాయి. కొమ్ము వలలో ఇరికితే ప్రాణం పోయేదాకా దెబ్బలు పడుతూనే ఉంటాయి. పుట్టిన వారంలోపు పిల్లలకు కూడా అంతే. కాబట్టి పొట్టేలున్న మందకు, ఈనే రోజుల్లో, నా ఓటు తీగకే. వల వేసి మెషిన్ ఆపేసి ఉంచడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ పని. చావు వల అంటే అదే.

జాతి కూడా చూడాలి. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకే. దెబ్బ బాగా దిగుతుంది. కానీ పొడుగు కాళ్లు, బెదిరితే ఎగిరి దూకుతుంది, పై తీగ 90 కన్నా తక్కువ వద్దు. మహబూబ్‌నగర్ వైపు నల్ల దక్కనీకి ముతక ఉన్ని ఉంటుంది, గొంగళ్లు నేసేది దాంతోనే. ఉన్ని మీద దెబ్బ పనిచేయదు. దక్కనీ వాళ్లు ఉన్ని కత్తిరించిన వెంటనే కంచె అలవాటు చేయడం మంచిది. ఏ జాతి అయినా తీగలో 4,000 వోల్టులకు తగ్గకుండా ఉంచండి.

అలవాటు చేయడం

ఈ కంచె బలంతో ఆపేది కాదు, గొర్రె బుర్రలో ఉండే భయంతో ఆపేది. ఆ భయం ముక్కుతోనే నేర్పాలి. ముక్కు తడిగా ఉంటుంది, వెంట్రుక ఉండదు. ముక్కుకు దెబ్బ తగిలిన గొర్రె వెనక్కి పోతుంది. చెవులు దాటి మెడ మీద తగిలితే ముందుకు దూకుతుంది, కంచె అవతల పడుతుంది, కంచె దాటొచ్చని నేర్చుకుంటుంది. ఒక్కటి నేర్చుకుంటే మిగతావి దాని వెంటే. గొర్రె దాటు అనే మాట ఊరికే రాలేదు.

అందుకే కొత్త గొర్రెలను నేరుగా తోటలో కంచెలోకి తోలొద్దు. గట్టి దొడ్డి లోపల, తడక కట్టినదైనా సరే, ఒక మూలకు రెండు మూడు తీగలు లాగండి. తీగకు అక్కడక్కడా మెరిసే రేకు ముక్కలు కట్టండి, వాటి వెనుక నాలుగు అవిశ కొమ్మలు పెట్టండి. కడుపు సగం నింపి వదలండి, మరీ ఆకలి మీద కాదు. మనం పక్కన నిలబడి తోలొద్దు, వాటంతట అవే పోయి వాసన చూడాలి. రెండు మూడు రోజుల్లో అన్నీ ఒకసారి ముట్టుకుంటాయి. మా ఊరి కురుమ తాత ఒకాయన మొదట ఇది చూసి నవ్విండు. "బిడ్డా, గొర్రె ఆకలికి ముండ్ల కంపలనే దూరుతది, ఈ దారాలకు ఆగుతదా" అన్నడు. తాత మాటలో నిజముంది. మేత, నీళ్లు, ఉప్పు గడ్డ లోపలే అందుతున్న గొర్రెకే ఈ కంచె. గడ్డి అయిపోయిన చోట ఇంకో రోజు ఉంచితే ఏ కంచె అయినా ఓడిపోతుంది.

ఇంకో సంగతి తాతే చెప్పిండు. పంట కోతలు అయినంక పెద్ద మందలు మన తోట పక్క నుంచి పోతుంటాయి. ఆ గంటల చప్పుడుకు, అరుపులకు మన పది గొర్లు పిచ్చెక్కినట్టు పరుగెత్తుతాయి. ఆ కాలంలో మందను బాట పక్క మడిలో ఉంచకుండా లోపలి మడిలోకి మారుస్తున్న.

తోటలో తిప్పడం

వానాకాలంలో 6 గుంటల మడిలో మూడు రోజులు, తర్వాత పక్క మడి. మూడు రోజులే ఎందుకంటే, పెంటికలతో పడిన పురుగు గుడ్లు పొదిగి గడ్డి మీదికి ఎక్కే పిల్ల పురుగులు కావడానికి తడి, వేడి ఉన్నప్పుడు సుమారు ఐదారు రోజులు పడుతుంది. ఆలోపే మంద దాటిపోవాలి. మళ్లీ అదే మడికి నెలన్నర దాకా రాకుండా చూస్తే నట్టల మందు అవసరం తగ్గుతుంది. తగ్గుతుందంటున్నా, పోతుందనడం లేదు. పేడ పరీక్ష చేయించండి. చిటుకు రోగం, పీపీఆర్ టీకాలు పశువైద్యులు చెప్పిన కాలానికి వేయించాల్సిందే.

బత్తాయికి ఒక జాగ్రత్త. గొర్రె లేత బత్తాయి ఆకును ఇష్టంగా తింటుంది, గడ్డి తగ్గితే బెరడు కొరుకుతుంది. మూడు నాలుగేళ్ల లోపు చెట్లున్న తోటలోకి నేను తోలను. పెద్ద చెట్లకైనా కింది కొమ్మలు రెండున్నర అడుగుల దాకా తినేస్తాయని లెక్కలో పెట్టుకోండి. మామిడి తోటలో ఈ బాధ తక్కువ. మంద తిరిగిన మడిలో పెంటికలు, మూత్రం మట్టిలోనే ఉండిపోతాయి. గొర్రె ఎరువులో నత్రజని పశువుల పేడ కన్నా ఎక్కువని మనవాళ్లకు ముందే తెలుసు, అందుకే డబ్బులిచ్చి మరీ చేనులో మంద పెట్టించుకునేవాళ్లు.

రాత్రి మాత్రం నా జీవాలు కొట్టంలోనే. ఈ కంచె దొంగను ఆపదు, రబ్బరు చెప్పులేసుకుని కట్టెతో తీగ వంచి పోతాడు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంచు ఊర్లలో చిరుతను ఆపుతుందని కూడా నమ్మొద్దు.

రోజూ చూసుకోవాల్సినవి

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మీటరు. మెషిన్‌కు దూరంగా ఉన్న చివర కొలవండి, దగ్గర కొలిస్తే ఎప్పుడూ బాగానే చూపిస్తుంది. వోల్టేజి తగ్గితే తీగ వెంట నడవండి, లీకు దగ్గర టిక్ టిక్ వినపడుతుంది, చీకట్లో నిప్పురవ్వ కనపడుతుంది. 35 సెంటీమీటర్ల తీగకు గడ్డి తాకకుండా పదిహేను రోజులకోసారి కొడవలితో కోసి అక్కడే ఆచ్ఛాదనగా పరవండి.

ఒక జౌలు మెషిన్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 0.2 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 5 ఆంపియర్ అవర్ల లోపే. 26 ఏహెచ్ బ్యాటరీని సగం దాకా వాడినా మబ్బు పట్టిన రెండు రోజులు నడుస్తుంది. సోలార్ ప్లేటు మీద దుమ్ము తుడవడం మరిచిపోవద్దు.

ఒకే కంచెకు రెండు మెషిన్లు కలపొద్దు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పోతుంది. పొలాల్లో కిందికి వేలాడే లైన్ల అడుగున తీగ లాగొద్దు, తప్పనిసరైతే ముందు లైన్‌మన్‌తో లైను బిగించుకోండి, గాలివానకు ఆ వైరు తెగి కంచె మీద పడితే మొదట చెప్పిన ప్రమాదమే. బాట వైపు "కరెంటు కంచె, ముట్టుకోవద్దు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు కట్టండి. గెట్టు పక్క వాళ్లను పిలిచి ఇది ఏంటో, స్విచ్ ఎక్కడుందో చూపించండి. చిన్న పిల్లలను దగ్గరికి రానీయొద్దు, తలకూ మెడకూ దెబ్బ తగలకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పండి. ఉరుములు మొదలైతే మెషిన్‌ను కంచె నుంచీ ఎర్త్ నుంచీ రెండు వైపులా విడదీసి, జీవాలను కొట్టానికి తోలండి.